సంఘ కానుకల లెక్కకు గ్నూక్యాష్: హనుమకొండలో మూడేళ్ల వాడకం తరువాత

మా క్రైస్తవ సంఘం హనుమకొండలో ఉంది. సుమారు 140 కుటుంబాల సంఘం. కాజీపేట నుంచి వచ్చే రైల్వే ఉద్యోగులు, ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసుకునేవారు, ఉపాధ్యాయులు, హసన్‌పర్తి వైపు పల్లెల్లో పత్తి, వరి పండించే రైతులు ఇందులో ఉన్నారు. కాబట్టి మాకు కానుక ఒకే రూపంలో రాదు. జీతం పడిన రోజే దశమభాగాన్ని, అంటే సంపాదనలో పదో వంతును, ఫోన్‌లో పంపేవారు ఉన్నారు, ప్రతి ఆదివారం కవరులో యాభై రూపాయలు పెట్టి ఇచ్చేవారు ఉన్నారు, పత్తి అమ్ముడుపోయాక ఏడాది కానుకంతా ఒకేసారి తెచ్చి ఇచ్చేవారు కూడా ఉన్నారు. కోశాధికారిగా ఈ లెక్కలు నా చేతికి వచ్చినప్పుడు నాకు అందినవి ఒక రసీదు పుస్తకాల కట్ట, ఒక రూళ్ల రిజిస్టరు, ఒక స్ప్రెడ్‌షీట్.

ఆ స్ప్రెడ్‌షీట్ వల్ల పడిన ఇబ్బంది నుంచే గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద ఈ సమీక్ష మొదలుపెట్టాలి. మొదటి ఏడాది చివర రిజిస్టరు మొత్తానికీ కంప్యూటరు మొత్తానికీ 4,350 రూపాయల తేడా వచ్చింది. మూడు సాయంత్రాలు కూర్చుని వెతికితే, మొత్తం వేసే గడికి కింద నేనే చేర్చిన పదకొండు వరుసలు కూడికలోకి రాలేదని తెలిసింది. తప్పు నాదే. అయితే పద్దు రాసేటప్పుడే పట్టించవలసిన తప్పును ఏడాది చివరి దాకా దాచి ఉంచే సాధనం దేవుని సొమ్ము లెక్కకు తగినది కాదని అప్పుడు నిశ్చయించుకున్నాను. ఆ తరువాత కొంతకాలం సంఘాల కోసమే తయారైన ఒక ఆన్‌లైన్ సేవకు ఏడాది చందా కట్టి వాడాం. చూడడానికి ముచ్చటగా ఉండేది, కానీ చందా గడువు దాటిన వారంలోనే మా పాత పద్దులు మాకే తెరుచుకోలేదు. మళ్లీ డబ్బు కట్టి, అన్నిటినీ కాగితం మీద ముద్రించుకుని బయటికి వచ్చాం.

ఇప్పుడు మూడు ఆర్థిక సంవత్సరాలుగా వాడుతున్నది గ్నూక్యాష్. ఇది ఉచితంగా దొరికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1998లో దీని మొదటి విడుదల వచ్చింది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా పనిచేస్తుంది. పద్దుల ఫైలు మన కంప్యూటరులోనే ఉంటుంది కనుక ఇంటర్నెట్ లేకపోయినా లెక్క ఆగదు, చందా అనే మాట ఉండదు. మా సంఘ కార్యాలయంలో ఉన్నది ఎవరో దానంగా ఇచ్చిన పాత కంప్యూటరు. దాని మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తోంది.

దీని అసలు బలం జంట పద్దు పద్ధతిలో ఉంది. మన వరంగల్ కొట్లలో చిట్టా, ఆవర్జా రాసిన పాత గుమాస్తాలకు ఇది కొత్త సంగతి కాదు. ప్రతి రూపాయి ఒక చోటు నుంచి బయలుదేరి మరొక చోటికి చేరుతుంది, పద్దులో ఆ రెండు చోట్లూ కనబడాలి. కానుకగా 500 రూపాయలు వస్తే ఆ మొత్తం దశమభాగం అనే ఆదాయ ఖాతాలోనూ, చేతి నగదు ఖాతాలోనూ ఒకేసారి పడుతుంది. రెండు వైపులూ సమానం కాకపోతే తేడా మొత్తం సరిచూడవలసిన ఖాతాగా విడిగా కంటికి కనబడుతుంది. నేను స్ప్రెడ్‌షీట్‌లో చేసిన తప్పు ఇక్కడ ఒక్క రోజు కూడా దాగి ఉండలేదు.

సాఫ్ట్‌వేర్ దించుకున్న రోజే మొదలుపెట్టవచ్చు గాని, ఖాతాల చెట్టు, అంటే ఏ ఖాతా కింద ఏ ఖాతా ఉండాలన్న అమరిక, ఎలా వేసుకోవాలో ఆలోచించడానికి రెండు వారాలు తీసుకోండని ఏ సంఘ కోశాధికారికైనా గట్టిగా చెబుతాను. నేను మొదట చేసిన పని, ఆదాయం కింద ప్రతి కుటుంబానికీ ఒక ఖాతా తెరవడం. చూడగానే సబబుగా తోచింది. రెండో నెలకే చిక్కు తెలిసింది. ఒకే కుటుంబం దశమభాగం ఇస్తుంది, పుట్టినరోజుకు కృతజ్ఞతార్పణ ఇస్తుంది, మందిర నిర్మాణానికి ఇస్తుంది, పేదల నిధికి ఇస్తుంది. 140 కుటుంబాలకు నాలుగేసి చొప్పున 560 ఖాతాలు అవుతాయి. కొత్తగా బాప్తిస్మం పొందినవారు చేరినా, పెళ్లయి ఒక కుటుంబం రెండయినా మళ్లీ ఖాతాలు తెరవాలి. కమిటీ అడిగేదేమో నిర్మాణ నిధికి ఎంత వచ్చిందన్న ఒక్క ప్రశ్న, దానికి 140 ఖాతాలు కూడాలి.

అందుకని చెట్టును తిరగేశాను. ఇప్పుడు ఆదాయం కింద ఉన్న ఖాతాలు కానుక ఉద్దేశాన్ని బట్టి ఉన్నాయి: దశమభాగం, పేరులేని ఆదివారపు కానుక, కృతజ్ఞతార్పణ, నిర్మాణ నిధి, పేదల సహాయం, సువార్త పరిచర్య, కోత పండుగ. ఇచ్చినవారి గుర్తు ఖాతా పేరులో కాక, పద్దు వివరణ గడిలో ఉంటుంది. అక్కడ కూడా పేరు రాయం, కుటుంబ సంఖ్య రాస్తాం. కు001 నుంచి మొదలై కు143 దాకా ఉన్నాయి. ఏ సంఖ్య ఏ కుటుంబానిదో చెప్పే రిజిస్టరు ఒక్కటే ఉంది, అది బీరువాలో తాళం వేసి ఉంటుంది. ఒక తాళంచెవి నా దగ్గర, మరొకటి కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ విని పెరిగిన సంఘంలో, ఎవరు ఎంత ఇచ్చారో కంప్యూటరు తెర మీద పేరుతో సహా కనబడడం మంచిది కాదు. కార్యాలయంలోకి ఎవరైనా వస్తారు, మైకు మరమ్మతు చేసేవారు వస్తారు, యౌవనస్థులు పాటల కాగితాలు ముద్రించుకోవడానికి వస్తారు. వారి కంట పడేది అంకె మాత్రమే.

సంఖ్యను మూడంకెలుగానే రాయడానికి కారణం ఉంది. గ్నూక్యాష్ లావాదేవీల నివేదికలో వడపోత గడి ఒకటి ఉంటుంది. అక్కడ ఇచ్చిన అక్షరాలు వివరణలో ఎక్కడున్నా ఆ పద్దును పట్టి తెస్తుంది. కు7 అని రాసుకుంటే, దాన్ని వెతికినప్పుడు కు70 నుంచి కు79 దాకా ఉన్న పద్దులన్నీ కూడా వచ్చి పడతాయి. కు007 అయితే ఆ ఒక్క కుటుంబమే వస్తుంది. పేర్లు తెలుగులో రాసి వెతుకుదామని మొదట ప్రయత్నించిన మాట నిజం. తెలుగు యూనికోడ్‌లో రాయడానికి ఏ అడ్డంకీ లేదు, ఖాతాల పేర్లన్నీ మాకు తెలుగులోనే ఉన్నాయి. చిక్కు వెతికే చోట వస్తుంది. ఒకరు ఏసురత్నం అని రాస్తారు, మరొకరు యేసురత్నం అని రాస్తారు. అంతకంటే సూక్ష్మమైనది మరొకటి ఉంది. జాన్‌సన్ వంటి పేరులో పొల్లు విడిగా నిలవడానికి కీబోర్డు కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తుంది. ఒక కీబోర్డు చేర్చి, మరొకటి చేర్చకపోతే చదవడానికి ఒకటే అయిన రెండు పేర్లు కంప్యూటరుకు వేరు వేరు పేర్లు అవుతాయి. సంఖ్యతో ఈ బాధ ఉండదు.

ఇక ఆదివారం పని ఎలా సాగుతుందో చెబుతాను. ఆరాధన ముగియగానే ముగ్గురు కూర్చుంటారు. ఒకరు కమిటీ సభ్యులు, ఒకరు సంఘంలోని స్త్రీల బృందమైన స్త్రీల మైత్రి నుంచి, మూడోవారు ప్రతి నెలా మారుతారు. కవర్లను విప్పి, కవరు మీది సంఖ్యనూ లోపలి మొత్తాన్నీ పైకి చదివి, కాగితం మీద రాస్తారు. కానుక సంచిలోని విడి నోట్లను విలువల వారీగా కట్టలు కడతారు. ఒక ఆదివారం కవర్లలో 8,600, సంచిలో 3,240 కలిపి 11,840 రూపాయలు వచ్చాయనుకుందాం. కాగితం మీద ముగ్గురి సంతకాలూ పడ్డాకే అది నా చేతికి వస్తుంది. నేను ఒక్కో కవరును ఒక్కో పద్దుగా ఎక్కిస్తాను, సంచిలోని మొత్తాన్ని పేరులేని కానుకగా ఒకే పద్దుగా ఎక్కిస్తాను. రసీదు సంఖ్య నంబరు గడిలోకి వెళుతుంది. సంతకాలున్న కాగితాన్ని ఫోటో తీసి, ఆ పద్దుకే పత్రంగా జతచేయడానికి గ్నూక్యాష్‌లో వీలుంది. ఆరు నెలల తరువాత ఎవరైనా అడిగినా ఆ కాగితం పద్దు మీద నుంచే తెరుచుకుంటుంది. ఇంత ఉపయోగపడే సౌకర్యాన్ని చాలామంది గమనించరు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అది ఫోటోను తనలో దాచుకోదు, ఫోటో ఉన్న చోటును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. కనుక ఫోటోలున్న ఫోల్డరును కదిలించకూడదు, ప్రతిని తీసేటప్పుడు దాన్ని కూడా చేర్చి తీయాలి.

వివరణ గడిలో కు037 అని కొట్టగానే ఆ కుటుంబం పేరిట క్రితం రాసిన పద్దు మొత్తం తానే నిండుతుంది. వేళ్లకు పని తగ్గుతుంది, కానీ క్రితంసారి మొత్తం కూడా దానితోపాటే వస్తుంది. పోయిన వారం 200 ఇచ్చినవారు ఈ వారం 300 ఇస్తే, చూసుకోకుండా మీట నొక్కితే 200గానే నిలిచిపోతుంది. అందుకే అన్ని కవర్లూ ఎక్కించాక చేతి నగదు ఖాతా నిల్వను సంతకాల కాగితంలోని మొత్తంతో సరిపోల్చనిదే కంప్యూటరు ఆపడం లేదు.

సోమవారం ఆ నగదు బ్యాంకులో పడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు తప్పే చోటు ఇదే. బ్యాంకులో వేసిన 11,840ని మళ్లీ కానుకగా రాస్తే ఆదాయం రెట్టింపు అవుతుంది. అది చేతి నగదు నుంచి బ్యాంకుకు జరిగిన మార్పిడి మాత్రమే. జంట పద్దులో దీన్ని వేరుగా బోధించవలసిన పని కూడా లేదు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని సాఫ్ట్‌వేరే అడుగుతుంది, చేతి నగదు ఖాతా సున్నాకు రాకపోతే ఎక్కడో తప్పిందని తెలిసిపోతుంది.

ఫోన్‌లో వచ్చే కానుకల సంగతి ఇంత తేలిక కాదు. మందిర స్తంభం మీద యూపీఐ కోడ్ అంటించిన నాటి నుంచి కానుకలు పెరిగాయి, వాటితోపాటు ఎవరివో తెలియని జమలూ పెరిగాయి. తండ్రి దశమభాగాన్ని హైదరాబాద్‌లో ఉన్న కొడుకు పంపుతాడు, బ్యాంకు కాగితంలో కొడుకు పేరు ఉంటుంది. భార్య ఫోన్ నుంచి భర్త పంపుతాడు. కొన్నిసార్లు బ్యాంకులో ఉన్న పేరు సంఘంలో ఎవరికీ తెలియని సర్టిఫికెట్ పేరు. ఇలాంటివాటిని ఊహించి ఏదో ఒక కుటుంబానికి వేయడం అన్యాయం. మేము బాధ్యతల కింద, అంటే ఇంకా లెక్క తేల్చవలసిన సొమ్ము కింద, గుర్తించని జమలు అనే ఖాతా తెరిచాం. తెలియని ప్రతి జమా ముందు అక్కడికి వెళుతుంది. యూపీఐ చెల్లింపుకు ఉండే 12 అంకెల సంఖ్యను పద్దు కింది వరుసలో, నోట్స్ గడిలో రాస్తాం. రెండు వరుసల వీక్షణ పెట్టుకుంటే ఆ గడి కనబడుతుంది. కానుక పంపినవారు తమ ఫోన్‌లో అదే సంఖ్య చూపించిన రోజు ఆ పద్దును వారి కుటుంబ సంఖ్యకు మార్చి, ఆదాయ ఖాతాకు తరలిస్తాం. నెలకోసారి మిగిలిన సంఖ్యల చివరి నాలుగు అంకెలను మాత్రం నోటీసు బోర్డు మీద పెడతాం, మొత్తాలు పెట్టం. దీనివల్ల చాలావరకు యజమానులు తెలుస్తున్నారు.

బ్యాంకు నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైలును (లావాదేవీల పట్టికను) నేరుగా దిగుమతి చేసుకునే ఏర్పాటు గ్నూక్యాష్‌లో ఉంది. మొదటిసారి ఏ నిలువు వరుస తేదీ, ఏది జమ, ఏది ఖర్చు అని చూపించాలి. ఆ అమరికను ఒక పేరుతో దాచుకుంటే తరువాతి నెల నుంచి పని తొందరగా అవుతుంది. ఇంతకుముందు మనం రాసిన పద్దుతో సరిపోయే వరుసను అదే గుర్తించి చూపిస్తుంది. కానీ చూపించినదాన్నల్లా ఒప్పుకోకూడదు. ఒకే రోజు ఇద్దరు చెరి 500 పంపితే ఎవరి పద్దు ఏదో మనమే చూసుకోవాలి.

నెలాఖరున పాసుపుస్తకంతో సరిచూసే రీకన్సైల్ కిటికీ నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే నచ్చిన భాగం. పాసుపుస్తకంలోని చివరి నిల్వను ఇచ్చి, ఒక్కో పద్దుకు టిక్కు పెట్టుకుంటూ పోతే కింద తేడా తగ్గుతూ వస్తుంది. ఆ తేడా సున్నా కావాలి. ఒక ఆగస్టులో 500 రూపాయల తేడా ఎంతకూ పోలేదు. ఒక సహోదరుడు పంపిన కానుకను బ్యాంకు కాగితం చూసి ఒకసారి, ఆయన వాట్సాప్‌లో పంపిన చిత్రం చూసి మరోసారి ఎక్కించానని 12 అంకెల సంఖ్యను వెతికితే తెలిసింది. అప్పటి నుంచి ఏ యూపీఐ పద్దునైనా ఎక్కించే ముందు కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కి ఆ సంఖ్యను వెతకడం అలవాటు చేసుకున్నాను.

నిర్మాణ నిధికి ఇచ్చిన డబ్బును కరెంటు బిల్లుకు వాడకూడదన్నది ప్రతి కమిటీకీ తెలిసిన మాటే. బ్యాంకు ఖాతా ఒకటే ఉన్నప్పుడు ఆ హద్దు మనసులో తప్ప పుస్తకంలో ఉండదు. ఇక్కడ బ్యాంకు ఖాతా కింద సాధారణ, నిర్మాణ, పేదల సహాయం అని మూడు ఉపఖాతాలు వేసుకుంటే, బ్యాంకులో ఒకటే అయిన సొమ్ము మన పుస్తకంలో మూడు అరలుగా కనబడుతుంది. సరిచూసేటప్పుడు ఉపఖాతాలను కలుపుకో అన్న గడికి టిక్కు పెడితే మొత్తం మీద ఒకే నిల్వగా సరిపోతుంది. పోయిన ఏడాది పైకప్పు పని మధ్యలో మేస్త్రీకి ఇవ్వవలసిన మొత్తం నిర్మాణ అరలో లేదని ముందే కనబడింది, సంఘానికి చెప్పి అడిగాం. బ్యాంకులో మొత్తం నిల్వ చాలినంత ఉంది గనుక పాత పద్ధతిలో అయితే పేదల సొమ్ము తెలియకుండానే సిమెంటుకు పోయి ఉండేది.

కోత పండుగ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వేరే చోట్ల తయారైన ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని ఎరగదు. ఆ రోజు రైతు కుటుంబాలు తొలి పంటలోంచి వడ్లు, పసుపు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి మందిరంలో అర్పిస్తారు. ఆరాధన తరువాత వాటికి వేలం పాట జరుగుతుంది. పల్లె నుంచి ఒక అమ్మ తెచ్చిన గుమ్మడికాయను పట్నంలో ఉద్యోగం చేసే సహోదరుడు 1,500 రూపాయలకు పాడుకుంటాడు. ఈ 1,500 ఎవరి కానుక? మా కమిటీలో దీని మీద నిజంగానే గంటసేపు చర్చ జరిగింది. డబ్బు ఇచ్చింది పాడుకున్నవారు కనుక పద్దు వారి సంఖ్య మీద కోత పండుగ ఖాతాలో పడాలని, వస్తువు తెచ్చినవారిని మొత్తం లేకుండా వస్తువు పేరుతో వేరే రిజిస్టరులో రాసి వార్షిక కాగితంలో ఆ వరుసను కూడా ముద్రించాలని తేల్చుకున్నాం. వస్తువుకు మనమే ఒక ధర కట్టి ఇద్దరికీ రాస్తే ఒకే సొమ్ము రెండుసార్లు ఆదాయమవుతుంది. పాడినవారందరూ ఆ రోజే చెల్లించరు. అందుకు రావలసినవి అనే ఆస్తి ఖాతా ఉంది. పాట పాడిన రోజే ఆదాయం అక్కడికి వెళుతుంది, డబ్బు చేతికి వచ్చినప్పుడు అక్కడి నుంచి తగ్గుతుంది. సంక్రాంతి దాటాక ఆ ఖాతాను తెరిచి చూస్తే ఎవరికి గుర్తుచేయాలో తెలుస్తుంది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు సంఘాలకు గల్ఫ్ నుంచి వచ్చే కానుకల ప్రశ్న మాకంటే ఎక్కువగా ఉంటుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ విరాళం తీసుకోవడానికి నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత, నమోదు ఉన్న సంస్థలన్నీ ఆ సొమ్మును న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే అందుకోవాలి. భారత పౌరుడిగానే ఉండి దుబాయిలో పనిచేసేవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు మార్గంలో పంపేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, మన ఊరివారే అయినా, అది విదేశీ విరాళమే. కనుక కుటుంబ రిజిస్టరులో బయటి దేశంలో ఉన్నవారి పౌరసత్వం ఏదో రాసుకోవాలి. మా సంఘానికి ఆ నమోదు లేదు, కాబట్టి అలాంటి సొమ్ము తీసుకోం. నమోదు ఉన్న సంఘాలు ఆ పద్దులను ఉపఖాతాగా కాక, పూర్తిగా వేరే గ్నూక్యాష్ ఫైలులో రాసుకోవడం క్షేమం. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు అంతకు ముందు 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో పాలుపంచుకున్నారు. భారతీయులే, భారతీయుల డబ్బుతోనే, భారతీయుల నిర్వహణలోనే పని సాగాలన్నది ఆ సొసైటీ నియమం. ఈ ప్రాంతపు సంఘాలు తమ చిన్న కానుకల లెక్కను ఎందుకు పట్టుదలగా చూసుకోవాలో ఆ చరిత్ర నాకు చెబుతుంది.

పన్ను మినహాయింపు కాగితం అడిగేవారికి సాఫ్ట్‌వేర్ ఏ సమాధానమూ ఇవ్వదు. ఆరాధన, మత పరమైన పనులకు నడిచే సంఘానికి ఇచ్చిన కానుకకు, ఆదాయపు పన్నులో 80జీగా పేరుపడిన విరాళాల మినహాయింపు సాధారణంగా వర్తించదు. మేమిచ్చే వార్షిక కాగితం అడుగున ఇది పన్ను ధ్రువపత్రం కాదని స్పష్టంగా ముద్రిస్తాం. ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు రెండు లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదన్న నియమం కూడా ఉంది. స్థలం అమ్మి పెద్ద కానుక ఇవ్వదలచినవారికి దాన్ని ముందుగానే చెప్పి బ్యాంకు మార్గంలో ఇమ్మనాలి.

ఇక లోపాలు. గ్నూక్యాష్ ఫైలుకు తనంతట తాను సంకేతపదం (పాస్‌వర్డ్) పెట్టే ఏర్పాటు లేదు, ఎవరు చూడవచ్చు, ఎవరు రాయవచ్చు అన్న వేర్వేరు హక్కులూ లేవు. కంప్యూటరు తెరిచినవారికి ఫైలు కూడా తెరుచుకుంటుంది. మేము కంప్యూటరుకే సంకేతపదం పెట్టి, డిస్కును సంకేతపదం లేనిదే చదవరాకుండా గూఢీకరించి వాడుతున్నాం. ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి తెరిచి రాయడానికి ఇది తయారు కాలేదు. మన పద్ధతిలో రసీదు ముద్రించదు, అందుకే పాత రసీదు పుస్తకం ఇంకా టేబుల్ మీదే ఉంది. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, హాజరు వంటి సభ్యత్వ వివరాలకు ఇందులో చోటు లేదు. పాత పద్దును ఎవరు ఎప్పుడు మార్చారో తేలికగా చదువుకునే పట్టికా లేదు. దీనికి కొంత విరుగుడుగా, ఫైలు వివరాల్లో ఇన్ని రోజులు దాటిన పద్దులు మార్చడానికి వీలుకాకుండా గీత గీసే అమరిక ఉంది. మేము 45 రోజులు పెట్టుకున్నాం. ఆ గీతను ఎత్తాలంటే కమిటీ తీర్మానం ఉండాలని రాసుకున్నాం. తీర్మానం లేకుండా కూడా యంత్రం ఎత్తనిస్తుంది, కనుక ఇది మనుషుల మాట మీద నిలబడిన తాళమే.

టాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌తో పోల్చకుండా వరంగల్‌లో ఈ సమీక్ష పూర్తి కాదు, ఎందుకంటే ఇక్కడి ఆడిటర్లకూ వారి దగ్గర పనిచేసే పిల్లలకూ చేతికి అలవాటైనది అదే. వేర్వేరు వాడుకరులకు వేర్వేరు హక్కులు, సంకేతపదం, మార్పుల చరిత్ర, రసీదు వోచరు ముద్రణ అందులో ఉన్నాయి. డబ్బు పెట్టి లైసెన్సు కొనాలి. అనేక గ్రామ సంఘాలు కలిసిన పాస్టరేటుకు, జీతం ఇచ్చి గుమాస్తాను పెట్టుకున్న సంఘానికి, పాఠశాలో వసతిగృహమో నడిపే సంఘానికి నేను టాలీనే సూచిస్తాను. ఒకరిద్దరు స్వచ్ఛందంగా రాసే, 200 కుటుంబాల లోపు సంఘానికి ఆ ఖర్చు అవసరం లేదు. మా ఆడిటరుగారు మొదటి ఏడాది టాలీలో లేదని సందేహించారు. ఖాతాల నిల్వల పట్టికనూ, లావాదేవీల నివేదికనూ ఫైలుగా తీసి ఇచ్చాక, రెండో ఏడాది ఆ మాట ఎత్తలేదు.

ప్రతులు దాచుకునే విషయంలో ఒక సూచన. గ్నూక్యాష్ తన మామూలు (ఎక్స్‌ఎంఎల్) రూపంలోని ఫైలును భద్రపరిచిన ప్రతిసారీ తేదీతో కూడిన పాత ప్రతిని పక్కనే ఉంచుతుంది. అది మంచిదే, కానీ డిస్కే పాడైతే అన్నీ కలిసి పోతాయి. మేము ప్రతి సోమవారం రెండు పెన్‌డ్రైవ్‌లలో ప్రతి తీస్తాం, ఒకటి కార్యదర్శిగారి ఇంట్లో ఉంటుంది. కరెంటు పోయే ఊళ్లలో ఫైలును ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ రూపంలో దాచుకుంటే ప్రతి పద్దూ రాసిన వెంటనే నిలుస్తుంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం ప్రతి కుటుంబానికీ అంటించిన కవరులో ఏడాది కానుకల కాగితం ఇస్తాం. లావాదేవీల నివేదికలో కుటుంబ సంఖ్యను వడపోతగా పెట్టి, తేదీలను ఏప్రిల్ 1 నుంచి మార్చి 31కి అమర్చి ముద్రిస్తే ఒక్కో కాగితానికి నిమిషం పడుతుంది. మొదటిసారి ఇచ్చిన రోజు ఒక పెద్దమ్మ కాగితాన్ని మనవరాలితో చదివించుకుని నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, జూన్ నెలల ఇచ్చిన రెండు వందలు గిండ్ల కనవడ్తలేవు."

"రసీదు ఉన్నదా అమ్మా?"

కొంగు ముడి విప్పి, నాలుగు మడతల రసీదు తీసి ఇచ్చింది. రసీదు సంఖ్యతో వెతికితే పద్దు దొరికింది. మొత్తం సరిగానే ఉంది, తేదీ సరిగానే ఉంది, ఆమె సంఖ్య కు037 అయితే నేను కు073 అని కొట్టాను. ఆ రెండు వందలు మరో కుటుంబం కాగితంలో చేరిపోయాయి, వారు గమనించలేదు. పద్దు గీత దాటిపోయింది కనుక ఆ బుధవారం కమిటీలో చెప్పి, గీత ఎత్తి, సంఖ్య మార్చి, ఎందుకు మార్చామో నోట్స్ గడిలో రాసి, మళ్లీ గీత పెట్టాం. అప్పటి నుంచి కవర్లు ఎక్కించాక మరొకరు తెర మీది సంఖ్యలను చదువుతుంటే నేను కవర్ల మీది సంఖ్యలకు టిక్కు పెట్టుకుంటున్నాను. రెండు కుటుంబాలకూ కొత్త కాగితాలు ఇచ్చి, పాతవి వెనక్కి తీసుకుని సంఘం ఫైలులో కుట్టాం.